ఉద్యోగం, పిల్లలు, ఎం.ఎ.: ఫీజు కట్టే ముందు గంటలు లెక్కపెట్టుకోండి

మీ ఉత్తరం చదివి మీ పరిస్థితి నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీరు ఒంగోలులో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెబుతున్నారు. బి.ఎ., బి.ఎడ్. పూర్తి చేసి పన్నెండేళ్లయింది. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగేళ్లు. మీ వారు మందుల కంపెనీ ప్రతినిధిగా వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరుగుతారు, ఇంట్లో మీ అత్తగారు ఉన్నారు. ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ ఎం.ఎ. ఇంగ్లిష్ చేసి కళాశాల అధ్యాపకురాలు కావాలని మీ కోరిక. మీరు అడిగినవాటిలో ముఖ్యమైనవి మూడు ప్రశ్నలు: ఆ డిగ్రీకి విలువ ఉంటుందా, రెండేళ్లలో పూర్తి చేయగలనా, ఇంట్లోవాళ్లను ఎలా ఒప్పించాలి.

నేను 2012లో, పిల్లలకు ఆరేళ్లు, రెండేళ్లు ఉన్నప్పుడు, మీలాగే ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తూ ఇగ్నోలో, అంటే ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయంలో, ఎం.ఎ. ఇంగ్లిష్‌లో చేరాను. 2015లో పూర్తి చేశాను. తరువాత రాష్ట్ర అర్హత పరీక్ష, అంటే సెట్, ఉత్తీర్ణురాలినై ఇప్పుడు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. తొమ్మిదేళ్లుగా ఆదివారాల్లో ఒక స్టడీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా కూడా ఉంటున్నాను కనుక, చేరినవారు ఎక్కడ ఆగిపోతారో దగ్గర నుంచి చూశాను. అందువల్ల మీ రెండో ప్రశ్న నుంచే మొదలుపెడతాను. డిగ్రీకి విలువ లేదని తెలిసి మానేసినవారు నాకు పెద్దగా కనిపించలేదు. రెండేళ్లలో అయిపోతుందనుకుని నాలుగు పేపర్లకు ఒకేసారి ఫీజు కట్టి, మొదటి పరీక్షల తరువాత మళ్ళీ కనిపించనివారిని మాత్రం ప్రతి సంవత్సరం చూస్తున్నాను.

ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టవలసిన ముప్పై గంటల శ్రమ అని లెక్క. ఆ ముప్పై గంటల్లో పుస్తకం చదవడం, వీడియోలు చూడడం, అసైన్‌మెంటు రాయడం అన్నీ కలిసే ఉంటాయి. నేను చదివిన ఎం.ఎ. ఇంగ్లిష్ 64 క్రెడిట్లు, ఎనిమిది పేపర్లు. అంటే 1,920 గంటలు. ఇప్పుడు కొన్ని విశ్వవిద్యాలయాల్లో రెండేళ్ల పీజీ 80 క్రెడిట్ల వరకు ఉంటుంది, అప్పుడది 2,400 గంటలు అవుతుంది. తక్కువ అంకెనే తీసుకుని భాగించి చూడండి. రెండేళ్లలో ముగించాలంటే వారానికి పద్దెనిమిదిన్నర గంటలు కావాలి, మూడేళ్లలో అయితే పన్నెండు గంటల పైచిలుకు, నాలుగేళ్లలో అయితే తొమ్మిది గంటలకు కాస్త ఎక్కువ. బి.ఎ.లో ఇంగ్లిష్ సాహిత్యం చదివినవారికి, చదివే వేగం ఉన్నవారికి ఇందులో కొంత తగ్గవచ్చు. పన్నెండేళ్ల విరామం తరువాత చదవబోయే మీరు మాత్రం తగ్గుతుందన్న ఆశ మీద ప్రణాళిక వేసుకోకండి.

పాఠశాలలో రోజుకు ఎనిమిది గంటలు గడిపి, ఇంటికి తెచ్చుకున్న నోటుపుస్తకాలు దిద్ది, నాలుగేళ్ల పిల్లవాడిని పెంచే మనిషికి వారానికి పద్దెనిమిదిన్నర గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నిద్రలో నుంచే రావాలి. కొన్ని నెలలు వస్తాయి కూడా, ఆ తరువాత శరీరం ఒప్పుకోదు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా సమాధానం స్పష్టంగా ఇది: రెండేళ్లలో చేయవద్దు, మూడేళ్లకు ప్రణాళిక వేసుకోండి, నాలుగో సంవత్సరాన్ని చేతిలో ఉంచుకోండి. ప్రస్తుత నిబంధనల ప్రకారం దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు కనీస కాలానికి రెట్టింపు వరకు గడువు ఉంటుంది. ఆ గడువు మీలాంటివారి కోసమే పెట్టారు, దాన్ని వాడుకోవడం వెనకబడడం కాదు. మీ డిగ్రీ 37 ఏళ్ల వయసులో మొదలై 39కి బదులు 40కి వస్తే, ఆ తరువాత మీరు కళాశాలలో చెప్పబోయే ఇరవై ఏళ్ల ముందు ఆ ఒక్క సంవత్సరం పెద్ద నష్టం కాదు.

నా గంటలు ఎలా దొరికాయో చెబుతాను, అవే మీకు సరిపోతాయని కాదు. మొదటి నాలుగు నెలలు పిల్లలు పడుకున్నాక రాత్రి పది దాటిన తరువాత చదివాను. చదివిన పేజీనే మళ్ళీ చదువుతూ, పుస్తకం మీదే నిద్రపోతూ, మరునాడు తరగతిలో చిరాకుపడుతూ గడిపాను. తరువాత రాత్రి తొమ్మిదిన్నరకల్లా పిల్లలతోపాటే పడుకుని తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం మొదలుపెట్టాను. పాలవాడు వచ్చే ఆరింటి వరకు గంటన్నర, వారానికి ఐదు రోజులు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు. అవి పదిన్నర గంటలు. మిగిలిన గంటన్నర, రెండు గంటలు బస్సులో దొరికేవి. బ్రిటిష్ నవల పేపరుకు పెద్ద పెద్ద నవలలు పూర్తిగా చదవాలి, వాటిని కూర్చుని చదివే తీరిక నాకు ఎప్పుడూ దొరకలేదు. కాపీరైటు ముగిసిన పాత నవలలను స్వచ్ఛంద సేవకులు చదివి రికార్డు చేసిన ఆడియోలు లిబ్రివాక్స్ అనే చోట ఉచితంగా దొరుకుతాయి. బస్సులోనూ, కూరగాయలు తరిగేటప్పుడూ అవే వినేదాన్ని. సిద్ధాంతం, విమర్శ వంటి పేపర్లకు మాత్రం ఇది పనికిరాదు, వాటికి తెల్లవారుజామున నిశ్శబ్దం, చేతిలో పెన్సిల్ ఉండవలసిందే. మా కేంద్రానికి వచ్చే ఒక నర్సు రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, పిల్లలు బడికి వెళ్ళాక పది నుంచి పన్నెండు వరకు చదివి అప్పుడు పడుకునేవారు. ఏ సమయం అయినా ఫరవాలేదు, అది ప్రతిరోజూ ఒకటే కావాలి, ఆ సమయంలో మిమ్మల్ని ఎవరూ పిలవకూడదు.

ఇక్కడ ఒక పరీక్ష చెబుతాను, దయచేసి ఫీజు కట్టే ముందే చేసి చూడండి. ఇగ్నో పాఠ్యపుస్తకాలు ఈజ్ఞానకోశ్ అనే వారి పోర్టల్‌లో ఎవరికైనా ఉచితంగా ఉంటాయి. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, తయారు చేయించిన ఈ-పీజీ పాఠశాల అనే వెబ్‌సైటులో కూడా ఇంగ్లిష్ పాఠాలు ఉన్నాయి. ఏదైనా ఒక బ్లాకు, అంటే పుస్తకంలో ఒక భాగం, దించుకుని నాలుగు వారాలపాటు, చేరిపోయినట్టే అనుకుని, చదవండి. గోడ క్యాలెండర్ మీద ఏ రోజు ఎన్ని నిమిషాలు నిజంగా చదివారో రాయండి. ఆ నాలుగు వారాల్లో ఒక వారం పాఠశాలలో యూనిట్ పరీక్షలు పడేలా చూసుకోండి, ఎందుకంటే జీవితం ఎప్పుడూ తేలికపాటి వారాల్లాగే ఉండదు. మొత్తం నలభై గంటలు దాటితే నిశ్చింతగా చేరండి. పాతిక దగ్గరే ఆగితే మానేయమని అనను, బాబు ఒకటో తరగతిలో చేరే వరకు ఆగి, ఈలోగా చదివే అలవాటు నిలబెట్టుకోండి అని చెబుతాను. మా కేంద్రంలో ఇలా ఆగి ఏడాదిన్నర తరువాత చేరినవారు ఇద్దరు ఉన్నారు, ఇద్దరూ పూర్తి చేశారు.

చేరాక పేపర్లను విడతలుగా పంచుకోండి. ఇగ్నో టర్మ్ ఎండ్ పరీక్షలు జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ జరుగుతాయి, ఏ విడతలో ఏ పేపర్లు రాయాలో మీరే ఎంచుకోవచ్చు. విడతకు రెండు పేపర్లకు మించి పెట్టుకోకండి. మన రాష్ట్రాల్లో బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. పరీక్షలు సరిగ్గా పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాల హడావుడిలో వచ్చి పడతాయి. మీరు ఉపాధ్యాయురాలు కూడా కనుక ఆ వారంలో పాఠశాలలో సెలవు దొరకడం కష్టం. అందువల్ల బరువైన పేపరును డిసెంబర్‌కు, తేలికైనదాన్ని జూన్‌కు ఉంచుకోవడం మేలు. దసరా సెలవులు డిసెంబర్ పరీక్షలకు, వేసవి సెలవులు జూన్ పరీక్షలకు బాగా అక్కరకొస్తాయి. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ ఒక్క వెసులుబాటు మిగతా ఉద్యోగులకంటే ఎక్కువ. వేసవిలో పుట్టింటికి వెళ్తే పుస్తకాలు వెంట తీసుకువెళ్ళండి, అమ్మమ్మ దగ్గర పిల్లలు ఆడుకుంటుంటే రోజుకు నాలుగు గంటలు చదవవచ్చు.

ఇప్పుడు డిగ్రీ విలువ సంగతి. మీ బావగారు ‘ఇంట్లో కూర్చుని చదివిన చదువును ఎవరూ లెక్కచేయరు’ అన్నారని రాశారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు కొన్ని సంస్థలు అనుమతులు లేకుండా ఊరూరా కేంద్రాలు తెరిచాయి. అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ చెప్పిన కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాల డిగ్రీల విషయంలో 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు చాలా కఠినమైన తీర్పు ఇచ్చింది. డబ్బు కట్టి, ఏళ్ల తరబడి చదివినవారు నష్టపోయారు. ఆ భయం ఇంకా మన ఇళ్లలో ఉంది, ఉండడంలో తప్పు లేదు. కానీ దూరవిద్య అన్నదే తక్కువ చదువు అనుకోవడం మాత్రం సరికాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు రాష్ట్రంలోనే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది, అదే ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని మొదటి ఉపకులపతి జి. రామ్ రెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇగ్నోకు కూడా మొదటి ఉపకులపతి, ఆ తరువాత ఆయన యూజీసీ అధ్యక్షులు కూడా అయ్యారు. బడి మానేసినవారు, ఉద్యోగాల్లో చిక్కుకున్నవారు, ఇల్లు కదలలేని ఆడవారు చదువుకోవడానికే ఆ ఏర్పాటు జరిగింది. మీ బావగారికి ఈ సంగతి చెప్పండి, దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాలు మన దగ్గరే మొదలయ్యాయి.

చట్టం విషయానికి వస్తే, దూరవిద్యకూ ఆన్‌లైన్ చదువుకూ కలిపి యూజీసీ 2020 సెప్టెంబర్‌లో నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం గుర్తింపు పొందిన కోర్సుల్లో వచ్చిన డిగ్రీ, పీజీ పట్టాలు మామూలు కళాశాలలో చదివి తెచ్చుకున్న పట్టాలతో సమానమని 2022 సెప్టెంబర్‌లో మరోసారి స్పష్టం చేసింది. అయితే ‘గుర్తింపు పొందిన’ అన్న మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. గుర్తింపు విశ్వవిద్యాలయం మొత్తానికి ఒక్కసారి ఇచ్చేది కాదు, ఒక్కో కోర్సుకు, ఫలానా విద్యాసంవత్సరానికి అని ఇచ్చేది. మీరు చేరబోయే కోర్సు, చేరబోయే సంవత్సరం, దూరవిద్యా లేక ఆన్‌లైనా అన్న పద్ధతి, ఈ మూడూ యూజీసీ దూరవిద్యా విభాగపు వెబ్‌సైటులో ఉన్న జాబితాలో కనిపించాలి. ఆ పేజీని ఫీజు కట్టిన రోజే ముద్రించి దాచుకోండి, పదేళ్ల తరువాత ఉద్యోగం ఇచ్చేవారు అడిగితే ఆ కాగితం ఎంతో పనికొస్తుంది. ఇప్పుడు చేరాలంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా, అంటే మీ క్రెడిట్లు నమోదయ్యే ఖాతా, దాని ద్వారా డెబ్ ఐడీ అన్న యూజీసీ దూరవిద్యా విభాగపు సంఖ్య తీసుకోవాలి. ఇవి మీ ఆధార్‌తో మీరే తీసుకోవలసినవి, ఏ ఏజెంటుకూ డబ్బు ఇవ్వనక్కరలేదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్యను తమ పరిధి దాటి వేరే రాష్ట్రంలో నడపకూడదు. ఆన్‌లైన్ కోర్సుకు ఆ హద్దు లేదు. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయం, నర్సింగ్, ఫార్మసీ వంటివి, పిహెచ్.డి.తో సహా, ఈ పద్ధతుల్లో చేయడానికి లేదు. ఎవరైనా చేయిస్తామంటే ఆ సంభాషణను అక్కడే ముగించండి.

దూరవిద్య మేలా, ఆన్‌లైన్ మేలా అని కూడా అడిగారు. మీ విషయంలో నేను దూరవిద్య వైపే మొగ్గుతాను. ఆన్‌లైన్‌లో వీడియో పాఠాలు, చర్చావేదిక అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి, ప్రయాణం ఉండదు, అది నిజమైన సౌకర్యమే. కానీ ఫోన్ తెరిచిన ప్రతిసారీ పాఠశాల వాట్సాప్ గ్రూపు కూడా తెరుచుకుంటుంది. అచ్చయిన పుస్తకం వంటగదిలో గట్టు మీద పెట్టుకోవచ్చు, కరెంటు పోయినా చదవవచ్చు. స్టడీ సెంటర్‌లో ఆదివారం తరగతికి వస్తే మీలాంటివారు మరో పదిమంది కనిపిస్తారు. ఒంటరిగా మూడేళ్లు చదవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ పదిమందిలో ముగ్గురితో స్నేహం కుదిరినా పరీక్షల వరకు ఒకరినొకరు లాక్కుంటూ వెళ్తారు. మారుమూల ఊళ్లో ఉన్నవారికి, బదిలీలు ఎక్కువగా ఉండే ఉద్యోగాలవారికి, విదేశాల్లో ఉన్నవారికి ఆన్‌లైన్ సరైనది.

డబ్బు గురించి ఒక హెచ్చరిక. కొన్ని ప్రైవేటు ఆన్‌లైన్ పీజీలకు లక్షన్నర, రెండు లక్షలు అడుగుతారు, సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. అందులో పదో వంతుకు అటూ ఇటూగా అవుతుంది. మా దగ్గరకు వచ్చిన ఒకావిడ అంతకుముందు ఒక విద్యాసంస్థ తరఫున ఫోన్ చేసిన కౌన్సెలర్ మాట నమ్మి, ‘వడ్డీ లేని వాయిదాలు’ అంటే సరేనని ఫోన్‌లోనే సంతకం చేశారు. అది ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి ఆమె పేరు మీద తీసుకున్న అప్పని, కోర్సు మానేసినా వాయిదాలు ఆగవని ఆమెకు ఆరు నెలల తరువాత గానీ తెలియలేదు. విశ్వవిద్యాలయం తన డిగ్రీ కోర్సును వేరే కంపెనీకి ఫ్రాంచైజీలా అప్పగించడానికి వీల్లేదని యూజీసీ 2022లోనే హెచ్చరించింది. ఫీజు ఎప్పుడూ విశ్వవిద్యాలయం సొంత వెబ్‌సైటులో, విశ్వవిద్యాలయం పేరు మీదే కట్టండి.

మీ లక్ష్యం కళాశాల ఉద్యోగం కనుక ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి ఆలస్యంగా తెలిసే విషయం. ఎం.ఎ. ఉత్తీర్ణతకు ఇగ్నోలో 40 శాతం చాలు. డిగ్రీ అధ్యాపక పదవికి కావలసిన జాతీయ అర్హత పరీక్ష, అంటే నెట్, రాయాలంటే మాత్రం పీజీలో 55 శాతం ఉండాలి, 54.9ని 55గా లెక్కించరు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 50 శాతం. జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్లలో కూడా 50 శాతం అడుగుతారు. ‘పాసైతే చాలు’ అనుకుంటూ చదివి, 52 శాతంతో పట్టా చేతికి వచ్చాక కన్నీళ్లు పెట్టుకున్నవారు నాకు తెలుసు. మొదటి రోజు నుంచే మీ గీత 55 పైన ఉండాలి.

అక్కడే అసైన్‌మెంట్ల విలువ తెలుస్తుంది. మొత్తం మార్కుల్లో అసైన్‌మెంటుకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. పరీక్షలో మీకు నూటికి 50 వచ్చాయనుకోండి, అది 35. అసైన్‌మెంటులో నూటికి 60 వస్తే 18 కలిసి 53 దగ్గర ఆగిపోతారు. అదే 80 వస్తే 24 కలిసి 59. పరీక్ష ఒకటే, తెలివి ఒకటే, మధ్యలో ఉన్నది ఇంట్లో కూర్చుని ఓపికగా రాసిన ముప్పై నలభై పేజీలు. కానీ గడువు ముందు వారం ఇంటర్నెట్‌లో దొరికిన జవాబులను ఎత్తిరాసి ఇచ్చేవారే ఎక్కువ. దిద్దేవాడికి ఒకే వాక్యం ఇరవై కట్టల్లో కనిపిస్తే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కరలేదు, మీరూ దిద్దుతారు కదా. ఇప్పుడు కృత్రిమ మేధతో రాయించి దాన్ని చేత్తో నకలు చేసుకు వచ్చేవారు కూడా ఉన్నారు. అలా చేస్తే పరీక్ష హాలులో మూడు గంటలు ఖాళీ కాగితంతో కూర్చోవలసి వస్తుంది. అసైన్‌మెంటు నిజానికి పరీక్షకు మొదటి చదువు. ప్రశ్నపత్రం రాగానే, వారానికి ఒక ప్రశ్న చొప్పున, మీ మాటల్లో రాయండి. ఇచ్చే ముందు ప్రతి పేజీకి ఫోటో తీసుకోండి, రసీదు దాచుకోండి. మార్కులు గ్రేడ్ కార్డులో ఎక్కకపోతే అడగడానికి అదొక్కటే ఆధారం.

చేతిరాత గురించి కూడా చెప్పాలి. మేము మూడు గంటల్లో ఐదు వ్యాసాలు రాసేవాళ్లం, ఒక్కోదానికి 36 నిమిషాలు. పన్నెండేళ్లుగా బోర్డు మీద రాయడం, ఎర్ర పెన్నుతో దిద్దడం తప్ప పేజీల కొద్దీ రాయని చేతికి రెండో వ్యాసం దగ్గరే నొప్పి మొదలవుతుంది. నా మొదటి పరీక్షలో ఐదో ప్రశ్నకు పేజీన్నర మాత్రమే రాయగలిగాను, విషయం తెలియక కాదు. తరువాతి విడత నుంచి పరీక్షకు రెండు నెలల ముందు ప్రతి ఆదివారం గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాల నుంచి రెండేసి వ్యాసాలు రాశాను.

ఇక ఇల్లు. మీరు ‘ఎలా ఒప్పించాలి’ అని అడిగారు. ఒప్పించడం కంటే పంచడం గురించి ఆలోచించండి. నేను మొదటి సంవత్సరం ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంటిపని ఏదీ ఆగకుండా చదువుకుంటాను అని మాట ఇచ్చి చేరాను, అది నేను చేసిన పెద్ద తప్పు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ప్రయత్నించి జ్వరం తెచ్చుకున్నాను, అందరి మీదా కసురుకున్నాను, నా కష్టం ఎవరికీ కనిపించడం లేదని బాధపడ్డాను. కనిపించకుండా చేసింది నేనే. ఒక ఆదివారం రాత్రి మా వారూ నేనూ కూర్చుని ఇంట్లో జరిగే పనులన్నీ ఒక నోటుపుస్తకంలో రాశాం: పాలు కాచడం, టిఫిన్ డబ్బాలు, స్కూలు డైరీ చూడడం, బట్టలు మడతపెట్టడం, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, పెళ్లిళ్లకు వెళ్ళడం. యాభై దాటాయి. అందులో నలభైకి పైగా నా పేరు మీద ఉన్నాయని చూసి ఆయనే ఆశ్చర్యపోయారు. ఆ రాత్రి పదమూడు పనులు ఆయన తీసుకున్నారు, ఆరింటిని ఇక చేయకూడదనుకున్నాం. ఆయనకు పని ఎలా చేయాలో నేను పక్కన నిలబడి చెప్పడం మానేసిన తరువాతే ఆ పంపకం నిలబడింది.

మీ వారు ఊళ్లో ఉండే మూడు రోజులు మీకు చాలా విలువైనవి. ఆ రోజుల్లో సాయంత్రం పిల్లల హోంవర్కు, రాత్రి భోజనం పూర్తిగా ఆయనకే వదలమని అడగండి, ‘సాయం చేయండి’ అని కాదు, ‘ఇది మీ పని’ అని. ఆయన లేని నాలుగు రోజుల కోసం తెల్లవారుజాము ఉంచుకోండి. అత్తగారి మీద ఎక్కువ బరువు వేయకండి, నాలుగేళ్ల బాబు వెంట పరిగెత్తడమే ఆ వయసులో పెద్ద పని. పరీక్షల ముందు నెలన్నర వంటమనిషిని పెట్టుకోగలిగితే ఆ జీతాన్ని కూడా చదువు ఖర్చులోనే మొదటి నుంచి లెక్క వేసుకోండి. అది దుబారా కాదు, పుస్తకాల ఖర్చులాంటిదే.

మా అత్తగారు ఐదో తరగతి వరకు చదువుకున్నారు. మొదట్లో ఈ వయసులో చదువేమిటన్నారు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆ రోజు విన్న నవలలో కథ ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు ‘ఆ పిల్ల చివరికి ఎవరిని చేసుకుంది?’ అని ఆమే అడిగేవారు. ఎవరికైనా తిరిగి చెప్పిన కథ పరీక్షలో మరిచిపోము, అది నాకు లాభం. ఆదివారం మధ్యాహ్నం నా గది తలుపు దగ్గర పిల్లలు అరిస్తే ఊరుకోబెట్టింది కూడా ఆమే. మీ పాపకు తొమ్మిదేళ్లు కనుక తనను కూడా కలుపుకోండి. ఒకే బల్ల దగ్గర తను లెక్కలు, మీరు అసైన్‌మెంటు రాసుకుంటూ ఒక గంట గడపవచ్చు. బాబు మాత్రం ఇంకా చిన్నవాడు, వాడు ఆడుకుందాం రమ్మని పిలిచినప్పుడు పుస్తకం మూసి వెళ్ళండి, అందుకే కదా గంటలను తెల్లవారుజామున పెట్టుకున్నది.

పాఠశాల యాజమాన్యానికి చెప్పాలా అని చివర్లో అడిగారు. చెప్పండి. పరీక్ష తేదీలు రాగానే హాల్ టికెట్ నకలు జతచేసి సెలవు దరఖాస్తు ముందుగా ఇవ్వండి. ప్రభుత్వ ఉద్యోగులైతే చేరే ముందే శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, లేకపోతే పదోన్నతి సమయంలో ఇబ్బంది వస్తుంది.

విడతకు రెండు పేపర్లే అని నేను అంతగా చెప్పడానికి కారణం 2013 డిసెంబర్. ఆ విడత మూడు పేపర్లు పెట్టుకున్నాను. రెండోది రాయవలసిన ఉదయం చిన్నవాడికి 103 డిగ్రీల జ్వరం వచ్చింది. మా వారు ఊళ్లో లేరు. హాల్ టికెట్ సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఆటోలో వాడిని ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. ఆ రోజంతా అప్పటివరకు పడ్డ కష్టమంతా పోయినట్టే ఏడ్చాను. నిజానికి పోయింది ఏమీ లేదు. రాసిన అసైన్‌మెంటు మార్కులు అలాగే ఉన్నాయి, మిగిలిన పేపరు నాలుగు రోజుల తరువాత రాశాను, తప్పిపోయినదానికి మళ్ళీ ఫీజు కట్టి జూన్‌లో రాస్తే నా ఎనిమిది పేపర్లలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు దానిలోనే వచ్చాయి. మీకూ ఏదో ఒక విడతలో ఇలాంటి ఉదయం వస్తుంది. ఆ రోజు పిల్లవాడి దగ్గర ఉండండి, దరఖాస్తు గడువు చూసుకుని తరువాతి విడతకు ఆ పేపరు నమోదు చేసుకోండి.